మూడో ఇంటి నోటీసు

హోసూరు కోర్టు చుట్టుపక్కల నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. "ఇల్లు ఖాళీ చేయించే లాయరమ్మ" అంటే టీ అంగడాయన కూడా నా గది చూపించేవాడు. ఆ మాట మొదటిసారి చెవిన పడినప్పుడు నాకు కోపం రాలేదు సరికదా, లోపల్లోపల మురిసిపోయాను. ఆడమనిషి నల్లకోటు వేసుకుంటే విడాకులకో మనోవర్తికో తప్ప ఎందుకూ పనికిరాదనుకునే రోజులవి. అట్లాంటిది, మీసాలు దువ్వుకున్న ఇంటి ఓనర్లు నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ పేరు నాకు బిరుదులాగే ఉండేది. ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం సిగ్గుపడలేదన్న సంగతి దాచి లాభం లేదు.

మాది ఉద్దనపల్లి. ఇంట్లోనూ చిన్న బళ్ళోనూ తెలుగు, సంతలో కన్నడం, పెద్ద బళ్ళో తమిళం, లా కాలేజీలో ఇంగ్లీషు. ఇన్ని భాషలు నేర్చిన దాన్ని, ఒక మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు ఒక్క చిన్న నిజం ఏ భాషలోనూ చెప్పలేకపోయాను. ఇది ఆ సంగతి.

తొంభైల్లో హోసూరు ఎట్లా పెరిగిందో చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలకు మనుషులు కావాల్సి వచ్చారు, మనుషులకు ఇళ్ళు కావాల్సి వచ్చాయి. రాగి పండిన చేలల్లో లైను ఇళ్ళు లేచాయి. ఒకే కప్పు కింద వరసగా అయిదారు కాపురాలు, నడుమ ఒక్కో గోడ, అందరికీ కలిపి పెరట్లో ఒక కొళాయి. నిన్నటిదాకా మడక పట్టి దున్నినాయన ఇవాళ ఓనరు. ఆయనకు వాన ఎప్పుడొస్తుందో తెలుసుగాని, బాడుగకున్న మనిషిని ఎట్లా లేపాలో తెలియదు. అందుకు నేనుండేదాన్ని.

అప్పట్లో మా తమిళనాడులో ఉండిన బాడుగల చట్టం నిజానికి అద్దెదారు పక్షమే. ఓనరు పొమ్మన్నంత మాత్రాన పోనక్కర్లేదు, కోర్టు పొమ్మనాలి. ఏయే కారణాలకు పొమ్మనవచ్చో కూడా చట్టంలో రాసి పెట్టారు. బాడుగ ఎగ్గొట్టడం, ఇంకొకరికి అప్పజెప్పడం, ఇల్లు పాడుచెయ్యడం, ఓనరుకే ఆ ఇల్లు అవసరం కావడం, ఇట్లాంటివి. కేసు తెమలడానికి ఏళ్ళు పడుతుంది, ఆపైన అప్పీలుకు కృష్ణగిరి ఉండనే ఉంది. ఇదంతా తెలిసిన అద్దెదారుతో ఏ ఓనరూ ఏమీ చెయ్యలేడు. నా బతుకు ఇది తెలియని అద్దెదారుల మీద నడిచింది.

నా పనితనమంతా నోటీసులో ఉండేది. మందపాటి కాగితం, పైన నా పేరు, కింద గుండ్రటి సీలు, నడుమ ఇంగ్లీషు. చివర్లో నాలుగు వరసలు తమిళంలో, గడువు తేదీ మాత్రం తప్పకుండా అర్థమయ్యేట్టు. నోటీసు అంటే ఓనరు తన లాయరు చేత రాయించిన ఉత్తరం, అంతకుమించి ఏమీ కాదు. కానీ రిజిస్టరు పోస్టులో సీలుతో వచ్చిందంటే అది జడ్జీగారు పంపించిందే అనుకునేవాళ్ళు. అందుకే నోటీసు అందుకున్నవాళ్ళు వేరే లాయరు దగ్గరికి పోకుండా, కాగితం మీద ఉన్న పేరు పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చి, ఇప్పుడు మేమేం చెయ్యాలమ్మా అని అడిగేవాళ్ళు. కత్తి పట్టుకున్న మనిషినే కట్టు కట్టమని అడిగినట్టు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఓనర్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున ఒక కల్యాణమండపంలో మీటింగు, ముందు ఉప్మా, తర్వాత నా ఉపన్యాసం. ఇల్లు బాడుగకు ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి, కాగితంలో ఏం రాసుకోవాలి, ఖాళీ చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఇవన్నీ చెప్పేదాన్ని. ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ ఒకటే రకం. పెళ్ళికాని మొగపిల్లలకు ఇవ్వొచ్చా, మాంసం వండేవాళ్ళను కాదనొచ్చా, కులం అడగొచ్చా. "అడగదల్చుకున్నది నోటితో అడగండి, కాగితం మీద పెట్టకండి," అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంటరానితనం పేరుతో ఒక మనిషికి ఇల్లు లేదనడం నేరమని చెప్పే చట్టం నేను చదువుకున్నదే. ఆ ఆదివారం అది నా నోటికి రాలేదు. రాలేదనడం కూడా మర్యాదకే, నేను రానివ్వలేదు.

ఆ మీటింగులోనే ఇంకో మాట కూడా చెప్పాను. "పిల్లలెందరు, మంచాన పడ్డవాళ్ళెవరైనా ఉన్నారా, ముందే కనుక్కోండి. ఇచ్చినాక ఏడవడం కంటే ఇవ్వకముందు అడగడం మేలు కదా." చాలామంది డైరీల్లో రాసుకున్నారు.

కొన్నాళ్ళకు ఆ మీటింగుకు వచ్చిన ఓనరొకాయన కోర్టు మొదలుకాక ముందే నా గదికి వచ్చాడు. పెద్దమనిషి, మెత్తటివాడు. రాయకోట రోడ్డు పక్కన ఆయనకు ఆరిళ్ళ లైను ఉండేది. మొదటింట్లో తాముంటూ మిగతావి బాడుగకు ఇచ్చుకున్నాడు. మూడో ఇంట్లో ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపే ఒక ఆపరేటరు, పెళ్ళాం, తల్లి. ఆ తల్లి పక్షవాతంతో మంచాన పడి ఏడాది దాటింది, ఇప్పుడు తిండి కూడా మానుకుంది.

"నాకు ఆ అవ్వ మీద కోపం ఏమీ లేదమ్మా," అన్నాడాయన. "మా ఇంట్లో గంజి కాచినప్పుడంతా ఒక చెంబు ఆ ఇంటికి పోతాది. మా ఆడమనిషి పోయి తల దువ్వొస్తాది. కానీ ఆ యమ్మ పానం ఈడ పోకూడదు. యాడన్నా పోనీ, ఈడ వొద్దు."

ఎందుకో ఆయనే చెప్పాడు. మూడేళ్ళ కింద అయిదో ఇంట్లో ఒక ముసలాయన చనిపోయాడు. శతభిషా నక్షత్రం, ధనిష్ఠా పంచకంలోది. ఆరు నెలలు ఇల్లు మూసెయ్యమన్నాడు పూజారి. ఆయన మూసేశాడు. పక్క గోడ కాపురాలవాళ్ళు కూడా భయపడి ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. బాడుగలు రాక ఆ ఏడాది ఓనరు ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగడమే కష్టమైందట. ఇప్పుడు రోజూ పొద్దున్నే పంచాంగం తీసి ఇవాళ ఏ నక్షత్రమో చూసి, ఆ తర్వాత మూడో ఇంటివైపు చెవి పెట్టడం పనైపోయింది ఆయనకు. గవర్నమెంటు ఆసుపత్రిలో చేర్చమని అడిగితే, అక్కడైతే మాయమ్మ రెండు దినాలు కూడా ఉండదన్నా అని ఆ అబ్బాయి కంటనీరు పెట్టుకున్నాడట.

"చట్టంలో నక్షత్రాలు లేవప్పా," అన్నాను నేను, నవ్వుతూ. "ఓనరుకు వసతి చాలకపోతే పక్కిల్లు అడగొచ్చని మాత్రం ఉంది. మీ కొడుక్కి పెళ్ళీడు వచ్చిందా?"

"యాడమ్మా, వాడింకా ఐటీఐ చదవతా ఉండాడు."

"పెళ్ళి చేద్దామని అనుకోకూడదా?"

"అది అబద్ధం కదమ్మా," అన్నాడు.

"అనుకోవడం అబద్ధం కాదు," అన్నాను. ఆ జవాబు నాకెంత నచ్చిందంటే, ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా నాన్నకు కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. నేను పట్టించుకోలేదు.

కొడుకు పెళ్ళికి అదనపు వసతి కావాలని నోటీసు తయారైంది. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ సెక్షన్ కిందనే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. ఖాళీ చెయ్యడం వల్ల అద్దెదారుకు కలిగే కష్టం, ఓనరుకు కలిగే మేలు కంటే ఎక్కువైతే పిటిషన్ కొట్టెయ్యాలని. చావుబతుకుల్లో ఉన్న తల్లి మంచం కంటే ఐటీఐ చదివే పిల్లవాడి పెళ్ళి ఎక్కువని చెప్పే జడ్జీ ఎక్కడా ఉండడు. కోర్టుకు పోతే ఓడిపోతామని నోటీసు రాసేటప్పుడే నాకు తెలుసు. వాళ్ళు కోర్టుదాకా రారని కూడా తెలుసు.

వారంలో పోస్టు కార్డు తిరిగొచ్చింది, నోటీసు అందినట్టు. సంతకం చోట వేలిముద్ర ఉంది. కొడుకు సంతకం చేయగలవాడు కాబట్టి అది తల్లిదే అయ్యుంటుందనుకున్నాను. వేలు గట్టిగా ఆనలేదేమో, ఒక పక్క గీతలు స్పష్టంగా, ఇంకో పక్క మసకగా ఉన్నాయి. ఎవరి పేరుకు పంపిన నోటీసు వాళ్ళకే అందాలి, కానీ ఎవరి వేలైతేనేం, ఆ ఇంటి వేలే కదా అనుకున్నాను. మూలన ఎర్ర సిరాతో ఇంగ్లీషులో "సర్వ్‌డ్" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఫైల్లో పెట్టాను.

ఆ శనివారం మధ్యాహ్నం కొడుకు వచ్చాడు. షిఫ్టు దిగి అట్లాగే వచ్చినట్టుంది, నీలం యూనిఫారం మీద నూనె మరకలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నోటీసును మడత నలక్కుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చాడు.

"ఇది మీరు పంపించినదే కదమ్మా."

"అవునప్పా. కానీ నేను మీ ఓనరు తరపు లాయర్ని."

"తెలుసమ్మా. ఓనరన్ననే లాయరమ్మను అడుగు పో అన్నాడు. మాయమ్మ మంచంలో ఉండాది. నెలో రెండు నెలలో అన్నాడు డాక్టరు. ఆ యమ్మకు ఆ ఇల్లు అలవాటైపోయింది. కిటికీ తట్టు తల పెట్టుకోని, కొళాయి కాడికి వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తా ఉంటాది." అంతవరకు చెప్పి, కవరు బల్లమీద పెట్టాడు. "నాకు వేరే ఏమీ వొద్దమ్మా. ఒకే మాట చెప్పండి. చట్టప్రకారం మేము పోవల్లనా? పోవల్ల అంటే పోతాము. చట్టానికి అడ్డం నిలిచేవాళ్ళం కాదు."

నేను చెప్పగలిగిన మాటలు మూడున్నాయి. పోనక్కర్లేదు, ఇది కోర్టు ఆర్డరు కాదు, మీ అమ్మను కదిలించకండి అనొచ్చు. అది నిజం. నేను మీకు సలహా ఇవ్వకూడదు, ఎదురుగదిలో ఇంకో లాయరున్నాడు, ఆయన్ను అడగండి అనొచ్చు. అది నా వృత్తి ధర్మం. ఆ రెండోది చెప్పినా నాకు ఇవాళ ఈ బాధ ఉండేది కాదు, ఎందుకంటే ఎదురుగది ఆయన ఒక్క నిమిషంలో మొదటి మాట చెప్పి పంపేవాడు. నేను మూడోది చెప్పాను.

"నోటీసులో రాసినట్టు చెయ్యండి. గడువు దాటితే కోర్టు, పోలీసు, అన్నీ చూడాల్సొస్తుంది."

ఎందుకు చెప్పానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. గొప్ప కారణం ఏదైనా దొరికితే బాగుండుననే ఆశ. దొరకలేదు. సంఘం మీటింగు దగ్గరపడింది, ఇంకొక ఇల్లు ఖాళీ చేయించానని చెప్పుకోవాలి. బయట ఇంకో క్లయింటు కూర్చున్నాడు. టీ చల్లారిపోతోంది. అంతే. ఒక మనిషిని ఇంట్లోంచి పంపడానికి నాకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేకపోయింది.

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మంచిదమ్మా. తెలిసినవాళ్ళు చెప్తే మనసుకు నెమ్మదిగా ఉంటాది," అని కవరు తీసుకుని వెళ్ళాడు.

గడువు లోపల ఆయన ఇంకో ఇంటికోసం హోసూరంతా తిరిగాడు. ఆ సంగతి నాకు ఎట్లా తెలిసిందంటే, ఆయన అడిగిన ఓనర్లలో ఇద్దరు నా క్లయింట్లే. ఒకాయన కోర్టు వరండాలో కనబడి, మార్కులు తెచ్చుకున్న పిల్లాడిలాగా చెప్పాడు. "మంచంలో మనిషి ఉండాదా అని అడిగినానమ్మా. ఉండాది అన్నాడు. ఇల్లు లేదు పో అన్నాను. మీరు చెప్పినారు కదా మీటింగులో." ఆ మనిషికి ఉన్న ఇల్లు తీసేసింది నేనే, దొరకాల్సిన ఇల్లు దొరక్కుండా చేసిందీ నేనే. అప్పుడైనా రాయకోట రోడ్డుకు ఆటో ఎక్కి వెళ్ళి ఉండొచ్చు. పది నిమిషాల దారి. ఇవాళ వాయిదాలున్నాయి, రేపు పోదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

గడువుకు రెండు రోజులు మిగిలి ఉండగానే వాళ్ళు ఖాళీ చేశారు. ఆ తర్వాతి సంగతులు ఓనరు చెప్పగా విన్నాను. సూళగిరి దగ్గర పల్లెలో ఆ తల్లికి తమ్ముడొకాయన ఉన్నాడు, పట్టుపురుగులు మేపే మనిషి. ఆయన ఇంట్లో చోటు లేదు. ఒక పంట పట్టుగూళ్ళు అమ్మేసి, ఇంకో పంటకు షెడ్డు కడిగి ఖాళీగా పెట్టుకున్నాడు. పురుగులకు రోగం రాకుండా మందునీళ్ళు చల్లిన షెడ్డు, ముక్కులు మండే వాసన. పురుగుల తట్టలు పెట్టే బల్లల వరస నడుమ ఆమెకు మంచం వేశారు. ఆ షెడ్డుకు కిటికీలు గాలికి పైన ఎత్తులో ఉంటాయి, పడుకున్న మనిషికి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఎవరూ అటు రారు, పురుగులున్నచోటికి మనుషులు ఊరికే రాకూడదు కదా. పొద్దస్తమానం మాట్లాడే మనిషి ఆమె.

మూడు వారాల తర్వాత ఓనరు వచ్చాడు. చంకలో పంచాంగం ఉంది, అది ఎందుకు తెచ్చాడో నాకు మొదట అర్థం కాలేదు. కుర్చీలో కూర్చుని, వేలు పెట్టుకున్న పేజీ తెరిచి నా ముందుకు జరిపాడు.

"ఆ అవ్వ పోయిందమ్మా. నిన్న పొద్దున. నేను పోయొస్తిని."

ఆయన పేజీలో ఒక గడి మీద వేలు ఆనించాడు.

"హస్త నచ్చత్రము. చూడండి ఈడ. తిథి కూడా మంచిదే. ఏ దోషమూ లేదు. ఒక దినం కూడా ఇల్లు మూసే పని లేకపోయె." తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ముందే తెలిసింటే ఉండనిచ్చేవాణ్ణమ్మా," అన్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని నేను గట్టిగా ప్రయత్నించాను. రాలేదు. అది అబద్ధం కదమ్మా అని ఒకసారైనా అడిగినవాడు ఆయన. నక్షత్రానికి భయపడ్డాడు గాని, ఆ తల్లికి గంజి పంపాడు, చచ్చిపోతే వెళ్ళి చూశాడు. నేను దేనికీ భయపడలేదు, ఏమీ పంపలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ మూడో ఇంటికి ఆయన ఆరు నెలలు తాళం వేసే ఉంచాడు. ఎందుకప్పా, దోషం లేదన్నావుగా అని ఒకసారి అడిగాను. వినిపించనట్టు ముఖం తిప్పుకున్నాడు.

ఇంతటితో నేను మారిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. అట్లా జరగలేదు. తర్వాతి మీటింగులో ఒక కొత్త మాట చెప్పబోయాను. నోటీసు అంటే ఆర్డరు కాదు, కోర్టు చెప్పేదాకా అద్దెదారుకు ఉండే హక్కుంది, అడిగితే ఆ మాట వాళ్ళకు చెప్పడం మన ధర్మం అని. సంఘం అధ్యక్షుడు మధ్యలోనే నవ్వి, "అది వాళ్ళ లాయరు చెప్పుకుంటాడు లేమ్మా, మన విషయం చెప్పండి," అన్నాడు. మండపంలో నవ్వులు. నేను మన విషయం చెప్పి, ఉప్మా తిని ఇంటికొచ్చాను. ఇంకా చాలా ఏళ్ళు నోటీసులు రాశాను. మారిందల్లా ఒకటే. కాగితం పట్టుకుని నా గదికి వచ్చినవాళ్ళకు ఎదురుగది చూపించడం మొదలుపెట్టాను. దానివల్ల నా పేరు కొంచెం మసకబారింది, ఎదురుగది ఆయన పేరు పెరిగింది.

కృష్ణగిరి జిల్లా అయినాక నా ప్రాక్టీసు అక్కడికి మార్చుకున్నాను. హోసూరు నుంచి వచ్చేటప్పుడు పాత ఫైళ్ళు చాలావరకు చించి పారేశాను. ఒక్కటి మాత్రం చించలేకపోయాను, బీరువా కింది అరలో పెట్టుకున్నాను.

ఆ కృష్ణగిరి గదికే ఒకరోజు పొద్దున ఆయన వచ్చాడు. జుట్టు సగం నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. నేను ముందు గుర్తుపట్టలేదు. ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పెట్టినప్పుడు, ఆ పెట్టిన తీరులో గుర్తుపట్టాను, మూడో ఇంటి కొడుకని. అప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన వచ్చింది అగ్రిమెంటు కోసం. సూళగిరిలో ఇల్లు కట్టుకున్నాడు. పైన ఒక పోర్షను బాడుగకు ఇస్తున్నాడు, ఇండస్ట్రియల్ ఎస్టేట్లో పనిచేసే మనిషికి. ఆ మనిషి ఇంట్లో మంచాన పడ్డ తండ్రి ఉన్నాడట, ఎక్కడా ఇల్లు ఇవ్వలేదట.

"మామూలుగా రాసేదంతా రాయండమ్మా. ఒక మాట మాత్రం చేర్చల్ల," అన్నాడు. "ఇంట్లో ఎవురికి జబ్బు చేసినా, ఎవురు పోయినా, ఏ నచ్చత్రంలో పోయినా, దానికోసరం ఖాళీ చెయ్యమని అడక్కూడదు. నేనూ అడక్కూడదు, నా తర్వాత నా కొడుకూ అడక్కూడదు."

"సూళగిరిలోనే రాసేవాళ్ళున్నారు కదప్పా. ఇంతదూరం నా దగ్గరికెందుకు?"

"మీరు రాస్తే ఆ మాట ఎవురూ దాటరమ్మా. నేనే దాటలేదు కదా," అన్నాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అట్లాంటి షరతు కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో నేను చెప్పలేను. ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టే రాశాను, నక్షత్రంతో సహా. టైపు చేయించి ఆయన చేతికి ఇచ్చే ముందు, ఇన్నేళ్ళుగా గొంతులో పెట్టుకున్నది బయటపెట్టాను.

"ఆ రోజు మీరు నన్నొక మాట అడిగారు. నేను అబద్ధం చెప్పాను. మీరు పోనక్కర్లేదు. మీ అమ్మను ఆ ఇంట్లోంచి కదిలించే అధికారం ఎవరికీ లేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెలుసమ్మా," అన్నాడు. "మరుసటేడే తెలిసింది. ఫ్యాక్టరీలో యూనియనాయన చెప్పినాడు. నాకు తెలిసి ఏం లాభం. మాయమ్మ మంచం ఎత్తేటప్పుడు, ఎందుకురా పోవల్ల, ఎవురికేం చేసినాము అని అడిగింది. చట్టమమ్మా, పోవల్ల అంటిని. చట్టమైతే పోదాం పా అనింది. అంతే, మళ్ళా ఆ మాట ఎత్తలేదు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆ పదం చాలా చిన్నదిగా అనిపించి ఆగిపోయాను. ఆయనే మాట మార్చాడు. కొత్తింట్లో గోడకు తల్లి ఫొటో పెట్టుకోవాలని ఉందట, కానీ ఆమెకు ఒక్క ఫొటో కూడా తీయించలేదట. రేషను కార్డు కూడా ఇల్లు మారడంలో ఎక్కడో పోయిందన్నాడు.

నేను లేచి బీరువా కింది అర తెరిచాను. ఫైల్లోంచి నోటీసు అందినట్టు వచ్చిన ఆ పోస్టు కార్డు తీసి ఆయన ముందు పెట్టాను. కాగితం పసుపెక్కింది గాని, వేలిముద్ర అట్లాగే ఉంది. ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత మూలనున్న ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇదేం రాసినారమ్మా?"

ఆయన నన్ను అడిగిన రెండో ప్రశ్న అది. "నోటీసు మీకు అందజేసేశామని, ఇంక మీరు తప్పించుకోలేరని రాసుకున్నాను. రాసింది నేనే," అన్నాను.

ఆయన తలూపాడు. కార్డును తన చొక్కాకు తుడిచి, జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

"నెలనెలా పింఛను తెచ్చే పోస్టాయనే ఇది కూడా తెచ్చినాడమ్మా. మాయమ్మ పింఛను అనుకునింది. నేను షిఫ్టు దిగి ఇంటికి పోయేటప్పటికి ఆ కవరు తలదిండు కింద దాచిపెట్టుకోనుండాది. పోస్టాయన చెయ్యి పట్టుకోని వేలు ఆనించినాడు, పాపం మంచోడు, నీ బిడ్డలు చల్లగా ఉండాలని చెప్పినాన్రా అనింది."